ఎలీజా బావ వెతికిన ఎడం కాలు

మా అక్క సోఫియాని చేసుకున్నాయన మొగుడుగా ఎలాంటివాడో అక్కే చెప్పాలి. బావగా మాత్రం నాకు జీవితకాలపు తలనొప్పి. పేరు ఎలీజా. వాళ్ళ తాత విశాఖపట్నం నుంచి ఓడెక్కి వచ్చి రంగూన్ రేవులో మూటలు మోశాడు. తండ్రీ మూటలే మోశాడు. ఎలీజా బావ మాత్రం కుర్రాళ్ళ కాళ్ళు చూసే ఉద్యోగం సంపాదించాడు. నవ్వకండి, జీతమిచ్చే ఉద్యోగమే అది.

ఆ రోజుల్లో బర్మాలో ఫుట్‌బాల్ ఆడి ఎవరూ మేడలు కట్టలేదు. మంచి టీములన్నీ సర్కారు శాఖలవి. కాలేజీలో బాగా ఆడే కుర్రాణ్ణి ఏదో ఒక శాఖ ముందే ఎంచుకుని, చదువవగానే గుమస్తా కుర్చీ ఇచ్చి, ఆ కుర్చీలో కూర్చోనివ్వకుండా మైదానంలో పరిగెత్తించేది. ఏటా చలికాలంలో శాఖల వాళ్ళంతా ఒక గదిలో చేరి చీటీలు తీసేవారు. మొదటి చీటీ వచ్చినవాళ్ళు తమకి కావలసిన పేరు మొదట పిలుస్తారు. పిలిచాక ఆ కుర్రాడు వాళ్ళవాడే, ఇంకెవరూ ముట్టుకోకూడదు. తర్వాతి చీటీవాళ్ళు మిగిలినవాళ్ళలో ఏరుకోవాలి.

మాది గోదాముల శాఖ. బావ అందులో ఆటగాళ్ళని చూసేవాడు, నేను టైపిస్టుని. చీటీ తీసే చెయ్యి మాత్రం మా పెద్దాఫీసరుది. ఆ చేతికి ఎప్పుడూ అట్టడుగు చీటీయే తగిలేది. మా వంతు వచ్చేసరికి ఒకడికి మోకాలి నొప్పి, ఇంకొకడికి కళ్ళజోడు. బావ ఏడాదంతా ఎండలో నిలబడి కనిపెట్టిన మంచి కాళ్ళన్నీ కళ్ళముందే పరాయి శాఖలకి పోయేవి. నేను ఆ పేర్లు టైపు చేస్తుంటే పక్కన నిలబడి పళ్ళు నూరేవాడు.

"ఒక్కపాలి, ఒలే సిల్వియా, ఒక్కపాలి ఆ గదిలో మొదటి పేరు నాను పిలవాల. అదయ్యాక నన్ను శ్మశానంలో పాతీసినా సరే" అనేవాడు.

"పాతడానికి ఖర్చవుతుంది బావా, బతికుండు" అనేదాన్ని నేను.

ఇక ఆయన పని చేసే తీరు. దేశం తలుపులు మూసుకుని కూర్చుంది. బయటి పత్రిక రాదు, బయటి మనిషి రాడు. ప్రపంచంలో ఫుట్‌బాల్ ఎలా ఆడుతున్నారో తెలుసుకోవడానికి బావకి ఒకటే దారి, పల్లీల పొట్లం. మేముండే పబేడాన్ పేటలో మా సందు చివర ఒకామె పాత విదేశీ పత్రికల కాగితాల్లో పల్లీలు కట్టి అమ్మేది. ఆటల పేజీ కనిపిస్తే చాలు, బావ కొనేసేవాడు. అలా ఇటలీవాడి అడ్డుగోడ ఆట సగం తెలుసుకున్నాడు. మిగతా సగం ఎవరి పొట్లంలో పోయిందో ఈ రోజుకీ తెలీదు. మా ఇంట్లో మాత్రం ఆ పల్లీలు తిని అందరికీ పైత్యం చేసింది.

అన్నిటికన్నా పెద్ద విద్య ఆయన తిట్టు. మైదానం గట్టు మీద మిగతా శాఖల మనుషులు కూడా నిలబడి ఉంటారు కదా. ఎవరిని మెచ్చుకుంటున్నావో వాళ్ళకి తెలిస్తే ముందు చీటీ వాళ్ళదైనప్పుడు ఎగరేసుకుపోతారు. అందుకని బావ నచ్చినవాణ్ణి నోరారా తిట్టేవాడు, పనికిరానివాణ్ణి ఆకాశానికెత్తేవాడు. "ఆహా, ఏం పాదాలు, వెన్నముద్దలు!" అని బావ ఒకణ్ణి పొగిడితే ఓ శాఖవాడు నమ్మి తీసుకుపోయాడు. ఆ వెన్నముద్దలవాడు ఏడాది తిరక్కుండా సొంత గోల్లోకే మూడుసార్లు కొట్టాడు. ఆ సంగతి చెప్పుకుని బావ చాలా కాలం అన్నం ఇష్టంగా తిన్నాడు.

ఎనభై ఎనిమిదిలో పెద్దాఫీసరు బావని పిలిచి, మన టీముకి ఎడం పక్క ఆడేవాడు లేడు, ఈసారైనా తేకపోతే నిన్ను తాళ్ళ గోదాములో వేస్తాను, అక్కడ తాళ్ళకి కాళ్ళుంటాయేమో చూసుకుందువుగాని, అన్నాడు. బావ సరేనన్నాడు. అంతలోనే సర్కారు మీద విద్యార్థులు తిరగబడి దేశం అంటుకుంది. కాలేజీలు మూసేశారు. ఆగస్టుకల్లా ఆఫీసులూ మూతపడ్డాయి. ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. జెండాలు, నినాదాలు, తుపాకులు, ఆ పైన వాన. మ్యాచ్ అన్న మాట ఎవరి నోటా లేదు, ఒక్క మా బావ నోట తప్ప.

"ఏటి సేస్తావు బావా ఇప్పుడు?" అన్నాను.

"ఏటున్నాది సెయ్యడానికి? ఊరేగింపులకి ఎల్తాను."

నేను మురిసిపోయాను. మా బావకీ దేశభక్తి పుట్టిందనుకున్నాను.

"ఇన్నేసి వేలమంది కాలేజీ కుర్రోళ్ళు ఒక్కసోట పరిగెడతన్నారు. ఏ టోర్నమెంటుకి వస్తారే ఇంతమంది?" అన్నాడు ఆయన కిళ్ళీ చుట్టుకుంటూ.

అక్క నెత్తి కొట్టుకుంది. "సిల్వియా, ఈ మనిషి కూడా నువ్వెళ్ళు. ఎక్కడైనా తూటాకి అడ్డంగా నిలబడి, ఆ పరుగు సూడు ఆ పరుగు సూడు అంటాడు" అని గొడుగు నా చేతికిచ్చింది.

అలా నేను గొడుగు పట్టుకుని, మా బావ కిళ్ళీ నములుతూ, ఉద్యమంలోకి దిగాం. అందరూ జెండాలు చూస్తుంటే ఈయన లుంగీల కింద పాదాలు చూసేవాడు. పోలీసు లారీ రాగానే జనం చెల్లాచెదురైతే, నేను గోడకి అతుక్కుని ఏసు ప్రభువుని పిలుస్తుంటే, ఈయన కళ్ళు పెద్దవి చేసుకుని, "సూడు సూడు, ఆ మూడోవాడు ఎలా మలుపు తిరిగేడో! లుంగీ జారలేదు!" అనేవాడు. ఆయనకి నచ్చిన పాదం కనిపిస్తే ఊరేగింపులో చొరబడి ఆ కుర్రాడి భుజం తట్టి అడిగేవాడు: "బాబూ, ఏ కాలేజీ? ఏ సంవత్సరం? ఇల్లెక్కడ?"

ఆ నెలలో రంగూన్‌లో ఈ మూడు ప్రశ్నలు అడిగేది ఒకే రకం మనుషులు. సర్కారు వేగులు.

ఆ ముక్క నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. తామ్వే పేట వైపు ఒక సందు. సందులకి అప్పటికే వెదురు తడికెలు కట్టుకుని, జనమే కమిటీలు పెట్టుకుని కాపలా కాస్తున్నారు. బావ తడికె దగ్గర ఒక కుర్రాణ్ణి ఆపి రెండో ప్రశ్నలో ఉండగా నలుగురు వచ్చి ఆయన రెక్కలు పట్టుకున్నారు. ఇంకొకామె వచ్చి నా గొడుగు పట్టుకుంది. మమ్మల్ని సందులోపలి టీకొట్టుకి తీసుకెళ్ళి పొట్టి పీటల మీద కూర్చోబెట్టారు. చుట్టూ కత్తులు, ఈటెలు, చెక్కిన వెదురు బద్దలు. ఆ రోజుల్లో వేగులని అనుమానం వచ్చినవాళ్ళకి ఏమైందో ఊరందరికీ తెలుసు. నేనిక్కడ రాయను. నాకు భయం వేసింది.

టీకొట్టు యజమాని ఊ బా న్యెయిన్ ఆ సందు కమిటీకి పెద్ద. లావుపాటి, నెమ్మదైన మనిషి. బర్మీస్‌లో అడిగాడు.

"నీ పనేమిటి?"

"కుర్రాళ్ళ కాళ్ళు చూడడం" అన్నాడు మా బావ.

నేను మొహం చేతుల్లో దాచుకున్నాను.

"ఎవరికోసం?"

"సర్కారు శాఖ కోసం."

ఇంత చక్కగా ఉరితాడు తన మెడకి తనే తగిలించుకునే మనిషిని నేను చూళ్ళేదు. గుంపులో గోల లేచింది. నేను లేచి, ఫుట్‌బాల్ అండీ, ఫుట్‌బాల్ కోసం అండీ, అని అరిచాను. ఇప్పుడు ఫుట్‌బాల్ ఎక్కడుందమ్మా, అని ఒక ముసలామె చాలా సబబుగా అడిగింది.

అప్పుడు తడికె దగ్గరినుంచి ఒక కుర్రాడు వచ్చాడు. తలకి ఎర్రగుడ్డ, చేతిలో కర్ర. బావ మొహం చూసి ఆగిపోయాడు.

"ఈ మనిషి నాకు తెలుసు" అన్నాడు.

ప్రభువు నా మొర విన్నాడనుకున్నాను.

"నా బతుకు పాడుచేసినోడు ఈయనే" అన్నాడు అదే గొంతుతో, ఈసారి తెలుగులో.

కుర్రాడి పేరు కృష్ణకుమార్. నది అవతల దలాలో చేపలు పట్టే పోలయ్య, పైడితల్లి దంపతుల కొడుకు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. సందులో వాళ్ళు కో క్రిష్ణ, అంటే క్రిష్ణన్న, అంటారు, కుర్రాళ్ళకి నాయకుడు. కిందటేడు కాలేజీల పోటీలో ఎడం పక్క ఆడుతుంటే బావ గట్టు మీంచి మైదానమంతా వినపడేలా అరిచాడట: "ఒరే, అది కాలా, సంపాను తెడ్డా? దలా తీసుకుపోయి పడవకి కట్టండిరా!" అందరూ నవ్వారట. వాడికి తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి బూట్లు తీసి అటక మీద పడేశాడు. మళ్ళీ ఆడలేదు.

బావ నోరు తెరుచుకుని విన్నాడు. కత్తులు చూసి కూడా మారని ఆయన మొహం అప్పుడు పాలిపోయింది.

"ఒరే అబ్బీ! నువ్వేట్రా, నమ్మీసేవా?"

"నమ్మకేటి సేస్తాను? అంత మంది ముందు..."

"నా ఎనకాల ముగ్గురు ఏరే శాఖలోళ్ళు నిలబడున్నార్రా! ఆళ్ళకి తెలీకుండా ఉండాలనే కాదేటి అరిసేను! ఈ ఏడు నీ పేరే మొదట పిలవాలని ఏడాదినించీ మనసులో ఎట్టుకున్నాను. నీ కాలేజీ మూసీసేరు, నువ్వెక్కడున్నావో తెలీదు, నీలాటోడు ఇంకొకడు దొరుకుతాడేమోనని వానలో కుక్కలాగ తిరగతన్నాను!"

కృష్ణకుమార్ ఇదంతా బర్మీస్‌లో చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. నేనైనా నమ్మేదాన్ని కాదు. ఊ బా న్యెయిన్ తల పంకించి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవడైనా ఇలాగే తీయగా మాట్లాడతాడు, అన్నాడు. తర్వాత బంతి తెమ్మన్నాడు. "మా కుర్రాళ్ళు ఆడతారు. నీ పనే చూడడం కదా, చూసి చెప్పు. నువ్వేమిటో మేమే చూస్తాం."

వాన వెలిసింది. సందులో మడమల లోతు బురద. తడికె ఒక గోలు, టీకొట్టు పొయ్యి ఇంకో గోలు. కుర్రాళ్ళు లుంగీలు గోచీ పెట్టి దిగారు. తన పొయ్యి కాపాడుకోవాలి కాబట్టి ఊ బా న్యెయిన్ స్వయంగా గోలులో నిలబడ్డాడు. బావ పక్కన కత్తి పట్టుకుని ఒకడు.

మొదట బావ తెలివిగానే ఉన్నాడు. "బాగుంది, చాలా బాగుంది" అన్నాడు కత్తి వైపు చూస్తూ. ఎవడో గాలిలోకి తన్నితే, "ఎంత ఎత్తుకి కొట్టాడో" అన్నాడు. నేను కళ్ళు మూసుకుని, ప్రభువా, ఈయన నోరు ఇంకో పావుగంట ఇలాగే ఉంచు, అని ప్రార్థించాను.

ఉంచలేదు. ఒక కుర్రాడు ఖాళీగా ఉన్న మనిషిని వదిలేసి బంతి తీసుకెళ్ళి మురిక్కాలవలో పడేసరికి బావలో ఏదో తెగింది. పీట మీంచి లేచాడు. కత్తివాణ్ణి పక్కకి తోసేశాడు.

"కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా? ఆ పక్కన నిలబడినవాడు మనిషా, లాంతరు స్తంభమా? నువ్వు, పొడుగోడా, పరిగెత్తు, పెళ్ళికూతుర్లా ఆ నడకేమిటి? ఊ బా న్యెయిన్! మీరు గోలు కాస్తున్నారా, టీ మరిగిందో లేదో చూస్తున్నారా? ఆ పొట్ట కొంచెం ఎడమకి జరపండి, సగం గోలు ఖాళీగా ఉంది!"

అంతా బర్మీస్‌లోనే, ఎవరికీ ఒక్క ముక్క పోకుండా. నేను గొడుగు కోసం తడుముకున్నాను, కనీసం దాంతోనైనా కాపాడుకుందామని. అప్పుడే కృష్ణకుమార్‌కి బంతి అందింది. బురదలో బంతి దొర్లదు కదా, వాడు దాన్ని బొటనవేలితో లేపి, గాలిలో ఉండగానే ఎడం కాలితో కొట్టాడు. బంతి ఇద్దరి మీదుగా వంపు తిరిగి, ఊ బా న్యెయిన్ చెవి పక్కనుంచి వెళ్ళి పొయ్యిమీది గిన్నెని బోర్లేసింది.

బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుండెలు బాదుకుంటూ అరిచాడు: "దరిద్రుడా! దద్దమ్మా! దేశంలో ఇంత పనికిమాలిన కాలు ఇంకోటి లేదు! నరికి నదిలో పారేయండి!"

కృష్ణకుమార్ ఆ బురదలోనే కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. వాడు నవ్వేసరికి సందంతా నవ్వింది.

ఊ బా న్యెయిన్ ఒంటిమీద టీ తుడుచుకుంటూ వచ్చాడు. "ఇతన్ని వదిలేయండి. పాతికేళ్ళుగా నా కొట్టుకి వేగులు వస్తున్నారు. వాళ్ళు చాలా మర్యాదస్తులు, నా టీ కూడా బాగుందంటారు. ఇంత మొరటు మనిషి వేగు కాలేడు" అన్నాడు. మాకు చెరో కప్పు టీ ఇప్పించాడు. బావ తాగి, చక్కెర ఎక్కువైందన్నాడు.

నవ్వులు అక్కడితో అయిపోయాయి. సెప్టెంబర్‌లో సైన్యం పగ్గాలు పట్టింది. మళ్ళీ కాల్పులు. తడికెలు పీకేశారు. కుర్రాళ్ళు కొందరు సరిహద్దులకి పోయారు, కొందరు జైలుకి, కొందరు ఎక్కడికీ పోకుండానే పోయారు. కృష్ణకుమార్ సంగతి తెలియక బావ కిళ్ళీ కూడా మానేశాడు.

చలికాలం మొదట్లో ఒక పొద్దున చేపల గంపతో ఒకామె మా గుమ్మంలోకి వచ్చింది. అక్క బేరం ఆడబోతే ఆమె గంప దించకుండానే బావ వైపు చూసింది.

"నాను పైడితల్లిని బాబూ, కృష్ణ తల్లిని. మావోడు దలాలోనే ఉన్నాడు. ఆళ్ళ నాయన పడవలో పేరు మార్సుకుని పనిసేస్తన్నాడు. మిలట్రీవోళ్ళు ఆడి కోసం ఎతుకుతున్నారు బాబూ. మీరు ఆడి పేరు పిలుస్తానన్నారట. ఆడికి ఆశున్నాది, పిలిస్తే ఎల్తానంటన్నాడు. మీకు దండం ఎడతాను, ఆ పేరు ఎక్కడా ఎత్తకండి."

ఆమె వెళ్ళాక బావ చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు.

దేశంలో అంతా మామూలుగానే ఉందని చూపించాలి కదా, అందుకని ఆ ఏడు కాలేజీలు తెరవకపోయినా పేర్లు పిలిచే సభ మాత్రం పెట్టారు. మా పెద్దాఫీసరు కుర్చీలో యూనిఫారం వేసుకున్న కొత్తాయన కూర్చున్నాడు. నేను మూల బల్ల దగ్గర టైపు మిషన్‌తో ఉన్నాను. కొత్త చెయ్యి చీటీ తీసింది. మొదటి చీటీ మాదే.

గదిలో వాళ్ళంతా బావ వైపు తిరిగారు. పాతికేళ్ళుగా ఆయన ఏ మాట కోసం ఎదురుచూస్తున్నాడో అక్కడ ప్రతివాడికీ తెలుసు. బావ లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. పెదవులు కదిలాయి. పిలిచేస్తాడేమోనని నాకు నిజంగా భయం వేసింది. ఆ ఆశ ఎంత పెద్దదో చూసినదాన్ని కదా.

"ఎవరూ లేరు సార్" అన్నాడు.

"ఎవరూ లేరా?" యూనిఫారం ఆయన ముందుకి వంగాడు. "వానాకాలమంతా నువ్వు వీధుల్లో తిరిగావని విన్నానే. ఇంతమంది కుర్రాళ్ళలో ఒక్కడూ కనిపించలేదా?"

"కనిపించారు సార్. అందరూ పరిగెడుతున్నారు. బంతి మాత్రం ఎవరి దగ్గరా లేదు."

ఎవరూ నవ్వలేదు. ఆయన, పనిచేయని మనిషికి ఈ ఉద్యోగం దండగ, రేపటినుంచి తాళ్ళ గోదాముకి వెళ్ళు, అన్నాడు. కాగితం మీద మా శాఖ ఎదురుగా ఖాళీ వదిలి, రెండో చీటీవాళ్ళు పిలిచిన పేరు నేను టైపు చేశాను.

సభ అయ్యాక మేమిద్దరం రేవు ఒడ్డు వెంట ఇంటికి నడిచాం. దలా వెళ్ళే ఫెర్రీ కూత వేసింది. ఆ కూత చెవులు పగిలేలా మోగుతుండగా బావ ఆగి, నిటారుగా నిలబడి, నది వైపు తిరిగి గొంతెత్తి అన్నాడు: "గోదాముల శాఖ. మొదటి పేరు. కృష్ణకుమార్, ఎడం పక్క."

పక్కనే ఉన్న నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. నాకు దుఃఖం ఆగలేదు. ఏడుస్తూ అక్కడే నిలబడిపోయాను.

"ఏటే, ఎందుకే ఏడుపు?" అని బావ నన్ను కసిరాడు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. "ఆడేటి సచ్చిపోయేడా? అదిగో, అవతల ఒడ్డున వల లాగతన్నాడు. నడు, అక్క ఎదురుసూస్తుంటాది."